తిరగేయని టోపీ

మా స్కెల్‌బెక్‌లో కోతలు కోయడం తప్పు కాదు. కోసి టోపీ తిరగేయకపోవడం తప్పు.

ఇంగ్లండ్ ఉత్తరాన, కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు మాది. ఏడాదిలో మూడువందల రోజులు వాన. మిగతా అరవై అయిదు రోజులూ వాన వచ్చేలా ఉంటుంది. ఇంట్లో చిక్కుకున్న మనిషి కథలు చెప్పక ఏం చేస్తాడు? ఉన్న నిజాలు రెండు వానలకే అయిపోతాయి, ఆ తర్వాత కోతలే గతి. చెప్పేవాడు నవ్వకూడదు. కథ అయ్యాక తలమీది టోపీ తీసి, లోపలి ఎర్ర అస్తరు పైకి వచ్చేలా తిరగేసి మోకాలి మీద పెట్టాలి. ‘ఇంతసేపూ నిన్ను ఆడించాను నాయనా, ఇంక ఇంటికి పో’ అని దానర్థం. కథ మరీ నచ్చితే విన్నవాళ్ళు కూడా తమ టోపీలు తిరగేస్తారు. మా దగ్గర చప్పట్లకంటే అది ఎక్కువ. ఏటా నవంబరులో ‘గొర్రెతల’ పబ్బులో పోటీ. పాదిరులకీ వకీళ్ళకీ ప్రవేశం లేదు. వృత్తిగా చేసేవాళ్ళతో మేం ఎక్కడ నెగ్గగలం?

ఆ పోటీలో బహుమతిగా ఇచ్చే కొమ్ము చెంచా ఏడుసార్లు గెలుచుకున్నాను. ఎనిమిదోసారి ఎలా గెలిచానో చెబుతాను.

నా పేరు సేత్ మాసప్. కొండమీది పల్లెలో ఒకే గది ఉన్న బడిలో నా చదువు మొదలై, ఆ గది గోడలు దాటకుండానే అయిపోయింది. ముప్పైనాలుగేళ్ళుగా స్కెల్‌బెక్ హైస్కూల్లో తాళాలూ, బాయిలరూ, విరిగిన కుర్చీలూ నావే. గేటు పక్కన బడివాళ్ళ ఇంట్లోనే కాపురం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఇల్లు.

నాలుగేళ్ళలో మూడుసార్లు మా బడికి ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. మూడోసారి వచ్చినవాళ్ళు రెండే రోజులున్నారు. శవాన్ని చూడడానికి అంతకంటే ఎక్కువసేపు అక్కర్లేదు. బడి మొత్తానికి రిపోర్టులో ఒకటే తీర్పు: ‘చాలదు’. మర్నాడు బస్సు షెల్టరు అద్దం మీద ఎవరో పిల్లలు మేకుతో గీకారు: ‘మేం చాలం’. అద్దం మార్చడం నా పనే. మార్చలేదు.

జూలైలో బడి మూశారు. సెప్టెంబరులో అవే గోడల మధ్య, ఇంగ్లండ్ చర్చివాళ్ళ చేతికింద, ‘సెయింట్ ఆల్డ్రిక్ అకాడమీ’ తెరిచారు. మధ్యలో ఉన్న ఆరు వారాలూ నేను చేసిందల్లా పాత బడిని చెత్తబండిలోకి మోయడమే. ఫుట్‌బాల్ కప్పులూ, నాటకాల బట్టలూ, బాగా చదివినవాళ్ళ పేర్లు బంగారు అక్షరాలతో రాసిన చెక్క పలకలూ. ఒక పలక మీద మా అక్క పేరుంది. దాన్ని కూడా వేశాను. వేసేముందు తుడిచాను, ఎందుకో.

పాత టీచర్లందరూ తమ ఉద్యోగాలకి తామే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. యాభైమందిలో పంతొమ్మిదిమంది మిగిలారు. నన్ను ఉంచుకున్నారంటే గొప్ప నాది కాదు, బాయిలరుది. ఆ ముసలిది నా తిట్లు వింటేగాని రాజుకోదు.

కొత్త హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ గార్‌సైడ్ మొదటిరోజే నాకు గుండెమీద సిలువ కుట్టిన బూడిదరంగు స్వెట్టరూ, మెడలో వేలాడే పేరు బిళ్ళా ఇచ్చింది.

“టోపీ మాత్రం లోపల వద్దు మిస్టర్ మాసప్. పిల్లలకొక రూలు, మీకొక రూలు అయితే వాళ్ళు నా మాట వినరు.”

“వాన కారితేనో మేడమ్?”

“కప్పు బాగుచేయించాం.”

“కప్పుకి ఆ సంగతి చెప్పారా?”

ఆమె నవ్వలేదు. చెడ్డ మనిషి కాదు. రెండేళ్ళలో బడిని బతికించి చూపించమని పంపారు ఆమెని. పొద్దున్న ఆరున్నరకి ఆమె కారే మొదట వచ్చేది. తనకి తోడుగా ఉన్నది భయం ఒక్కటే అనిపించేది నాకు. టోపీ ఇంటికి తీసుకెళ్ళి మేకుకి తగిలించాను.

ఇక బ్రయనీ ఫియరన్ సంగతి. పద్నాలుగేళ్ళ పిల్ల. తల్లి హేజెల్ గొర్రెతలలో బీరు పోస్తుంది. తండ్రి ఓడల పనికని వెళ్ళాడు, ఇంకా వెళుతూనే ఉన్నాడు. ఒంటరిగా ఉంటే ఈ పిల్ల గలగలా మాట్లాడుతుంది. నలుగురి ముందు పుస్తకం పెట్టి చదవమంటే మాత్రం అక్షరాలు గొంతులో అడ్డంపడతాయి. పాత బడిలో టోల్సన్ మాష్టారు రెండేళ్ళపాటు మధ్యాహ్నం తన రొట్టె తింటూ ఈమె చేత రోజుకో పేజీ చదివించారు. మిగిలిన పంతొమ్మిదిమందిలో ఆయన లేరు. దాంతో మధ్యాహ్నాలు ఆమెకి చోటు లేకుండా పోయింది. నా బాయిలరు గదిలో బోర్లించిన బకెట్ మీద వచ్చి కూర్చునేది.

కొత్త బడిలో ఎవరైనా పైకి చదవమంటే ఆమె లేచి గది బయటికి వెళ్ళిపోయేది. అలా అయిదుసార్లు వెళ్ళేసరికి చేతికి పసుపు కార్డు ఇచ్చారు. ప్రతి పీరియడ్‌కీ టీచరు దానిమీద సంతకం పెట్టాలి.

“ఇంకొక్క తప్పు రాస్తే కొండ అవతలికే సేత్ తాతా,” అంది అక్టోబరు మొదట్లో ఒకరోజు.

కొండ అవతల అంటే ఏ బడీ వద్దన్న పిల్లల్ని ఉంచే సెంటరు. పద్దెనిమిది మైళ్ళు. పొద్దున్నే టాక్సీ వచ్చి ఎక్కించుకుపోతుంది.

“అక్కడ బాగుంటుందేమోనే. కొత్త గాలి.”

“మా పెద్దమ్మ కొడుకు రెండేళ్ళున్నాడక్కడ. టేబుల్ టెన్నిస్ బాగా వచ్చింది.”

“చూశావా మరి!”

“అదొక్కటే వచ్చింది తాతా.” కార్డు అంచుని గోటితో పీచులు పీచులుగా లాగుతోంది. “అక్కడికెళ్ళినోళ్ళని మళ్ళీ ఎవరూ తీసుకోరు. నాకిక్కడే ఉండాలనుంది. ఇది బాలేదు, నాకు తెలుసు. అయినా నాది.”

నేను బాయిలరుని తిట్టాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“మన సెయింటు మీద వ్యాసం రాయమన్నారు,” అంది. “ఆ సెయింటు పండగ రోజు బిషప్ గారొస్తారంట. బాగా రాసినోళ్ళు ఆయన ముందు చదవాలి. నాది బాగుంటే కార్డు తీసేయమని హెడ్‌కి చెప్తానంది మా టీచరు మిస్ లాంగ్లీ. ఇంతకీ ఎవరు తాతా ఈ ఆల్డ్రిక్?”

చర్చివాళ్ళు పంచిన కాగితంలో ఆయన గురించి రెండు వాక్యాలున్నాయి. పన్నెండువందల ఏళ్ళ కిందటి సన్యాసి. పుస్తకాలకి నకళ్ళు రాసేవాడు. ఆ రెండు వాక్యాలు చెప్పి ఊరుకుంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కాని చదవడానికి తడబడే పిల్ల ముందు పుస్తకాలాయన్ని నిలబెట్టడానికి నాకు నోరు రాలేదు. వేరే దానికి వచ్చింది.

“ఆల్డ్రికా? మా కొండమీదివాడేగా! గొర్రెల కాపరి. లెక్కలు రావు. మూడు దాకా వచ్చు, నాలుగు అంటే చెమటలు.”

“మరి గొర్రెల్ని ఎలా లెక్కపెట్టేవాడు?”

“మూడేసి చొప్పున. ఎన్ని మూళ్ళో తెలీదు. ఎప్పుడూ ఒక్కటి తప్పిపోలేదు, పోతే వాడికి తెలీదు కదా. పాదిరి కావాలని మహా కోరిక. బిషప్ దగ్గరకి పరీక్షకి వెళ్ళాడు. తప్పాడు. మళ్ళీ వెళ్ళాడు. తప్పాడు. మూడోసారి బిషప్ అన్నాడూ, ‘ఒరే ఆల్డ్రిక్, నువ్వు చాలవురా’ అని.”

బ్రయనీ గోరు కార్డుమీద ఆగింది.

“తర్వాత?”

“తర్వాతేముంది, కొండెక్కి ఉన్ని కత్తిరించుకుంటున్నాడు. ఆ ఏడు సముద్రం మీంచి పొగమంచు దిగింది చూడూ, అలాంటిది మళ్ళీ పడలేదు. గొర్రె ఏదో మంచు ఏదో తెలీదు. వీడు తెలీక మంచుని కూడా కత్తిరించేశాడు. ఉన్నితోపాటు దాన్నీ దిళ్ళలో కుక్కాడు. ఆ దిండు మీద తల పెట్టినవాళ్ళకి పొద్దున్న లేచేసరికి తమ పరీక్షలు పోయిన సంగతి గుర్తుండేది కాదు.”

“ఒక్క దిండు దొరికితే బాగుణ్ణు,” అంది బ్రయనీ.

“ఆ మంచులోనే బిషప్ గారు దారి తప్పాడు. చదువుకున్నవాడు కదా, వెయ్యి దాకా అడుగులు లెక్కపెట్టాడు, లెక్క తప్పాడు, బావురుమన్నాడు. ఆల్డ్రిక్ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. ‘మూడడుగులు వెయ్యండి చాలు. ఆగండి. మళ్ళీ మూడు.’ అలా తెల్లారేసరికి గుమ్మం ముందు దింపాడు. ‘పాసయ్యావురా!’ అన్నాడు బిషప్. ‘వద్దు బాబూ, నాకు తప్పడం అలవాటైంది, ఆ పాసేదో మా గొర్రెకివ్వండి’ అన్నాడు వీడు. అందుకే మా గొర్రెలకి ఒంటినిండా నల్లకోటు, పైన తెల్లమొహం, చూస్తే పాదిరిలా ఉంటాయి.”

బ్రయనీ నవ్వింది. కొత్త బడి తెరిచాక ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అదే మొదలు. పళ్ళన్నీ కనిపించేలా, బకెట్ కదిలేలా నవ్వింది.

నా చెయ్యి అలవాటుకొద్దీ తలమీదికి వెళ్ళింది. అక్కడ జుట్టే లేదు, టోపీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈలోగా గంట కొట్టారు. ఆమె పరిగెత్తింది.

టోపీ లేదనడం సాకే. నోరు ఉందిగా. ‘అమ్మాయ్, అది కోతే’ అనడానికి ఎంతసేపు పడుతుంది? గొర్రె పాదిరి కావడమేమిటి, ఆ మాత్రం తెలీదా అనుకున్నాను. కాని మా ఊరి పిల్ల ఆమె. టోపీ తిరగని కథ నిజమని పాలతోపాటు తాగిన పిల్ల.

రెండు రోజుల తర్వాత మూడు పేజీలు తెచ్చింది. మూడూ నిండా రాసింది. గొర్రె సంగతి తీసేసింది. “అది మాత్రం నువ్వు కలిపావు, నాకు తెలుసు,” అంది తెలివిగా. మిగతాదంతా ఉంది.

అదే సమయం. అప్పుడు చెప్పాల్సింది. నేను నోరు తెరిచాను కూడా.

“నాలాంటోడు ఒకడు దేవుడి దగ్గర కూర్చున్నాడని నాకు తెలీదు తాతా,” అంది.

నోరు మూసుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. ముప్పైమంది రాస్తారు, ఈమెది ఎవరు ఎంచుకుంటారులే అనుకున్నాను.

మిస్ లాంగ్లీ ఎంచుకుంది. ఆ అమ్మాయిది ఇంగ్లండ్ దక్షిణాది, ఇదే మొదటి ఉద్యోగం. మా ఊరివాళ్ళెవరైనా అయితే రెండో వాక్యానికే నా గొంతు గుర్తుపట్టేవారు. ఆమె ఆ కాగితాలు పట్టుకుని వసారాలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. సెయింట్ల పాత కథలన్నీ ఇప్పుడే తవ్వి తీస్తున్నారు కదా, ఇదీ చర్చి పుస్తకాల్లోదే అనుకుందట.

పండగ రోజు ఆటల హాల్లో కుర్చీలు వేసింది నేనే. ముందు వరసల్లో బిషప్ గారూ, చర్చి పెద్దలూ, పేపరువాళ్ళూ. మధ్యలో ఊదారంగు కోట్లలో పిల్లలు. వెనక రెండు వరసలు ఊరివాళ్ళకి. చర్చి ప్రార్థన కాబట్టి మగవాళ్ళందరూ టోపీలు తీసి మోకాళ్ళమీద పెట్టుకున్నారు. హేజెల్ ఉతికిన కోటు వేసుకుని వచ్చింది. నేను తాళాలతో తలుపు దగ్గర నిలబడ్డాను.

బ్రయనీ మైకు ముందుకి వచ్చింది. ఒక్క అక్షరం అడ్డంపడలేదు. లెక్కలు రాని కాపరిని నడిపించింది, మూడుసార్లు తప్పించింది, ‘నువ్వు చాలవు’ అనిపించింది. అక్కడ పిల్లల్లో ఒక్కడు కూడా కదల్లేదు. మంచుని కత్తిరించేసరికి వెనక వరసలో భుజాలు ఊగడం మొదలైంది. అరవై ఏళ్ళ జాస్ టైసన్ ముక్కు పట్టుకుని ఆపుకుంటున్నాడు. మూడడుగుల దగ్గరకి వచ్చేసరికి ఇంక వాళ్ళు ఆగలేకపోయారు. అంత గంభీరంగా మొహం పెట్టి, ఒక్కసారీ నవ్వకుండా, బిషప్ గారి ముందే బిషప్‌ని మంచులో ఏడిపించిందంటే మా ఊళ్ళో ఇలాంటి కోత ఎవరూ కోయలేదు. జాస్ టోపీ తిరగేశాడు. పక్కవాడు తిరగేశాడు. రెండు వరసలూ, నలభై మోకాళ్ళమీద ఎర్ర అస్తర్లు పైకి వచ్చాయి.

వాళ్ళు ఆమెని నెత్తిన పెట్టుకున్నారు. అంతకంటే గొప్ప సన్మానం మా దగ్గర లేదు.

బ్రయనీ తలెత్తి ఆ ఎరుపు చూసింది. చదవడం ఆపింది. ఇంకొక్క వాక్యం ఉంది, నాకు తెలుసు. ‘చాలనివాళ్ళ మనిషి కాబట్టే మన బడికి ఆయన పేరు పెట్టారు.’ అది ఆమె చదవలేదు. హాలు దాటి నా వంక చూసింది. మొహం వంక కాదు, తల వంక. బోడి తల వంక.

బిషప్ గారు గట్టిగా నవ్వి చప్పట్లు కొట్టారు, మంచివాడు. ఫోటోలవాడు ఎర్ర టోపీలకి ఫోటో తీశాడు. మిసెస్ గార్‌సైడ్ ఒక్కతే రాయిలా కూర్చుంది.

ఆమెకి ఎలా కనబడిందో తర్వాత అర్థమైంది. బయటి మనిషి. చర్చి సెయింటుని ఎగతాళి చేస్తూ ఒక పిల్ల చదివింది, సరిగ్గా ఒకే క్షణాన నలభైమంది టోపీలు తిరగేశారు. అంటే ముందే మాట్లాడుకుని చేశారన్నమాట. పాత బడివాళ్ళు కొత్త బడి మొహాన ఉమ్మారన్నమాట. ఆ మధ్యాహ్నమే బ్రయనీని గదిలోకి పిలిచి, ఎవరు నేర్పారో చెబితే ఆలోచిస్తానంది.

“ఎవరూ లేరు. నేనే కల్పించాను,” అందట బ్రయనీ. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టింది.

నా పేరు చెబితే నా ఉద్యోగం పోతుందనీ, దానితో ఇల్లు పోతుందనీ ఆ పిల్లకి తెలుసు. నాకూ తెలుసు. అందుకే మర్నాడు, శుక్రవారం, వెళ్ళలేదు. శనివారం గేటుకి నూనె పెట్టాను. ఆదివారం మేకుకి ఉన్న టోపీని చూస్తూ కూర్చున్నాను. సోమవారం వెళ్ళాను. నిజం చెప్పడం నాకు చేయి తిరిగిన పని కాదు, ఆలస్యమైంది.

“కథ నాది మేడమ్,” అన్నాను. “ఆ పిల్ల నిజమనుకుంది. టోపీ తిరగేయాల్సింది నేను. తిరగేయలేదు.”

“టోపీ,” అంది మిసెస్ గార్‌సైడ్.

మా పద్ధతంతా చెప్పాను. అరగంట పట్టింది. ఆమె కళ్ళకింద నల్లగా ఉంది. ఓపికగానే వింది.

“మిస్టర్ మాసప్, మీ పబ్బు గోడమీద మీ పేరు ఏడుసార్లు రాసి ఉందట కదా, అబద్ధాలకి?”

“కోతలకి మేడమ్.”

“బ్రయనీ ముందే చెప్పింది. సేత్ తాత వచ్చి కథ తనదే అంటాడు, నమ్మకండి, జాలిపడి చెప్పే అబద్ధం అది, అంది.” బల్లమీది కాగితాలు సర్దింది. “మీది మంచి మనసు. కాని ఇలాంటి పిల్లలు నా దగ్గర ముప్పైమంది ఉన్నారు. మిగతా ఆరువందలమందికి నేనేం చెప్పను? ఈ బడి మళ్ళీ మూతపడితే ఇంక ఎవరూ తెరవరు. ఆమెని సెంటరుకి పంపే సంతకాలు పొద్దున్నే అయిపోయాయి.”

“నిజం మేడమ్. ఇది నిజం.”

“సరే,” అంది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. “బాయిలరు చూడండి, పై అంతస్తు చల్లగా ఉంది.”

ఆ సాయంత్రం టోపీ పట్టుకుని హేజెల్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది బ్రయనీయే. ఏం చెప్పాలో తెలీక గుమ్మంలో నిలబడి టోపీ తిరగేసి చూపించాను.

ఆ ఎర్ర అస్తరుని వేలితో ముట్టుకుంది.

“అందులో ఏదైనా నిజముందా తాతా? కొంచెమైనా?”

కనీసం అప్పుడైనా ఒక మంచి అబద్ధం చెప్పాల్సింది. అరవైనాలుగేళ్ళలో అవసరమైన అబద్ధం అదొక్కటే. రాలేదు.

“లేదమ్మా.”

“సరే,” అంది. తలుపు గట్టిగా వేయలేదు. మెల్లగా, చప్పుడు కాకుండా వేసింది.

ఇప్పుడు రోజూ పొద్దున్న ఎనిమిదింపావుకి నేను గేటు తెరిచేవేళకి ‘మేం చాలం’ అన్న అద్దం పక్కన టాక్సీ ఆగుతుంది. ఆమె ఎక్కుతుంది. నా వైపు చూడదు. కోపంతో కాదు, చూడడానికి అక్కడ ఎవరూ లేనట్టు. టాక్సీవాడు మావాడే. ‘నోరు తెరవదు సేత్, రానూపోనూ ముప్పైఆరు మైళ్ళు, ఒక్క మాట లేదు’ అన్నాడు. అక్కడ కూడా చదవమంటే లేచి వెళ్ళిపోవడం లేదట. కూర్చునే ఉంటుందట, పుస్తకం మూసుకుని.

నవంబరు మూడో శనివారం గొర్రెతలలో పోటీ. నేను రానన్నాను. జాస్ వచ్చి లాక్కెళ్ళాడు. మధ్యాహ్నం మూడింటికి నా వంతు వచ్చింది. లేచి నిలబడి, కల్పించడానికి ఏమీ మిగలక, ఇదంతా చెప్పాను. ఇప్పుడు చెప్పినట్టే, ఒక్క ముక్క కలపకుండా. బాయిలరుకి నవ్వారు. టోపీ వద్దన్నప్పుడు నవ్వారు. మిసెస్ గార్‌సైడ్ ‘సరే’ అన్న దగ్గర జాస్ బల్ల చరిచాడు. వాళ్ళంతా ఆ హాల్లో ఉన్నారు, టోపీలు తిరగేసింది వాళ్ళే, ఆ పిల్ల ఇప్పుడు రోజూ ఏ టాక్సీ ఎక్కుతోందో తెలుసు. అయినా నవ్వారు. సేత్ మాసప్ నోట్లోంచి వచ్చాక నిజమైనా కోతే కదా.

గుమ్మం దగ్గర ‘లేదమ్మా’ అన్నాక టోపీ తీసి చేతిలో పట్టుకుని ఆగిపోయాను. అందరూ నా టోపీ వంక చూస్తున్నారు.

“తిప్పు సేత్,” అన్నాడు జాస్, నవ్వుతూనే. “అయిపోయిందిగా, తిప్పు.”

తిప్పలేదు.

“ముసలాడు ఇంకా ఆడిస్తున్నాడురా మనల్ని!” అన్నారెవరో. ఒక్కొక్కరే తమ టోపీలు తిరగేశారు. గది అంతా ఎర్రబడింది. కొమ్ము చెంచా తెచ్చి నా ముందు పెట్టారు. ఎనిమిదోది.

బల్ల వెనక హేజెల్ గ్లాసు తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. కాసేపటికి గుడ్డ కింద పెట్టి వచ్చింది. నా చేతిలోంచి టోపీ తీసుకుంది. తిరగేస్తుందనుకున్నారు అందరూ. ఆమె దాన్ని ఉన్నది ఉన్నట్టే నా ముందు బల్లమీద పెట్టి, నా గ్లాసు తీసేసింది.

“ఇంక నీకు పొయ్యను సేత్,” అంది. “ఇంటికి పో.”